హెర్కంపురి వాలులో అరమనిషి

యురక్‌మార్కా గ్రామ సమాజంలో సభ్యులు మొత్తం అరవై ఆరున్నర మంది. ఆ అర అచ్చుతప్పు కాదు. పెళ్ళయిన మగవాడు ఒకటి. అతని పెళ్ళాం అతనిలోనే కలిసిపోయి ఉంటుంది కనుక ఆమెకు విడిగా అంకె అక్కర్లేదు. మొగుడు పోయిన ఆడది కూడా ఒకటే, పోయినవాడి జ్ఞాపకార్థం. పెళ్ళి చేసుకోని ఆడది మాత్రం అర. ఊళ్ళో అలాంటివాళ్ళు ఐదుగురు. చచ్చి పన్నెండేళ్ళయిన మగవాడు బతికున్న ఆడదానికంటే అర ఎక్కువ ఎలా అయ్యాడని అడగడం అక్కడ మర్యాద కాదు.

ఆ మర్యాద తప్పిన మనిషి పేరు సెవెరీనా కాయుపె. వయసు యాభై రెండు. మొదటి ఇరవై ఆరేళ్ళు తండ్రి లెక్కలో ఉంది, అంటే సున్నా. తండ్రి పోయాక తర్వాతి ఇరవై ఆరేళ్ళు అర. మొత్తం జీవితానికి సగటు తీస్తే పావు మనిషి. మనిషిని చూస్తే ఇదేమీ తెలిసేది కాదు. వెడల్పాటి భుజాలు, గాలికి కమిలి నల్లబడ్డ బుగ్గలు, టైరు చెప్పులు, తండ్రి వదిలివెళ్ళిన మగ టోపీ. ఏడు గొర్రెలు, ఒక గది ఇల్లు, రెండు వీధుల అవతలికి వినిపించే గొంతు.

ఈ అర అన్న మాట పంపకంలోనే గుర్తొచ్చేది. పనిలో గుర్తొచ్చేది కాదు. కాలవ పూడిక తీయడానికి పిలిచినప్పుడు నిండు మనిషికి ఎన్ని బారలో ఆమెకూ అన్నే బారలు. గోడ కట్టినా అంతే. వంతులు పంచేరోజున మాత్రం అందరికీ లెక్కలు వచ్చేవి.

పంచేది హెర్కంపురి. ఊరికి పైన, చెట్లు మొలవడం మానేసిన ఎత్తులో, ఇచు గడ్డి దుబ్బుల మధ్య పెరిగే మొక్క. జానెడు కూడా లేవదు. నేలకు కరుచుకున్న ఆకుల చక్రం, మధ్యలో పొట్టి కాడ, దానిమీద తెల్లగా, కొంచెం ఊదా జీరతో నాలుగు పూలు. అందంగా ఉందని దాని ముందు ఎవరూ ఆగరు. దాని పేరుప్రతిష్ఠలన్నీ చేదులో ఉన్నాయి. కాకరకాయ దాని ముందు పాయసం. పంది కొవ్వు ఎక్కువ తిన్నవాళ్ళూ, కోపాన్ని బయటపెట్టలేక మింగినవాళ్ళూ పొద్దున్నే దాన్ని కాచుకుని తాగుతారు. మింగిన కోపం కాలేయంలో గడ్డకడుతుందనీ, దాన్ని కరిగించేది హెర్కంపురి ఒక్కటేననీ ఆ కొండల్లో అందరికీ తెలుసు. సెవెరీనా ఏటా మూటలు మూటలు ఏరేది గాని తను చుక్క ముట్టేది కాదు. తన కోపంతో తనకు ఇంకా పని ఉందని చెప్పేది.

ఏటా మే నెలలో, సాన్ ఇసిద్రో ఉత్సవం అయిన మూడోనాడు, ఊరివాళ్ళు మొక్కలు ఏరుకోవడానికి వాలు తెరుస్తారు. తాడు పట్టి పైనుంచి కిందికి వంతులు కొలుస్తారు. నిండు మనిషికి నిండు వంతు, అరమనిషికి అర. సెవెరీనాకు మొదట్లో ఇచ్చిన అర వంతు మూటలు మోసే లామాలు నడిచే దారి పక్కన ఉన్న రాళ్ళకుప్ప. అందులో మొక్కకంటే పేడ ఎక్కువ. మిగతావాళ్ళు తమ వంతుల్లో కనపడిందల్లా వేరుతో సహా పీకేవాళ్ళు. సెవెరీనా మూడు మొక్కల్లో ఒకటి వదిలేది. వదిలినదాని కాయలు ఎండేదాకా ఆగి, టోపీలో దులుపుకుని, రాళ్ళ సందుల్లో చల్లి, మడమతో నొక్కేది. అందరూ నవ్వారు. ఎనిమిదేళ్ళు నవ్వాక ఆ రాళ్ళకుప్ప మీద అడుగుపెట్టడానికి చోటు లేనంత హెర్కంపురి లేచింది. నగరం నుంచి లారీలో వచ్చే బేరగాడు దిగీ దిగగానే “కాయుపె గారి సరుకేదీ?” అని అడగడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి నవ్వులు తగ్గి, ఆలోచనలు మొదలయ్యాయి.

ఆ ఆలోచనల ఫలితం ఏప్రిల్ సభలో బయటపడింది.

సమాజ అధ్యక్షుడు మెలితోన్ అతచాగువా వరసకు సెవెరీనాకు దూరపు బావ అవుతాడు. ఆయనకు ఒక కోటు, ఒక మెడపట్టీ, సమాజ శ్రేయస్సు అనే ఒక మాట ఉండేవి. మూడింటినీ సభల్లోనే వాడేవాడు. ఆ రోజు లేచి, రుఫీనో అనే కుర్రవాడికి ఫిబ్రవరిలో పెళ్ళయిందనీ, పందొమ్మిదేళ్ళకే నిండు సభ్యుడయ్యాడనీ, అతనికి లామాల దారి పక్కన నిండు వంతు ఇవ్వడం సమాజ శ్రేయస్సు దృష్ట్యా అవసరమనీ, సెవెరీనా కాయుపె అర వంతును పాత దొడ్డి వైపు జరుపుతున్నామనీ ప్రకటించాడు. పాత దొడ్డిలో దురదగొండి తప్ప మరేదీ మొలవదు.

“అది నేను పెంచిన వాలు, అధ్యక్షుల వారూ,” అంది సెవెరీనా, కూర్చున్నచోటి నుంచి కదలకుండా.

“కొండను దేవుడు పెంచాడమ్మా.”

“దేవుడు పెంచినన్నాళ్ళూ అక్కడ రాళ్ళే ఉన్నాయి. నాకిచ్చింది అప్పుడేగా.”

వెనకవరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మెలితోన్ మెడపట్టీ సర్దుకున్నాడు.

“రుఫీనో ఇప్పుడు నిండు మనిషి. నియమం నియమమే.”

“పెళ్ళినాడు నిండుగా ఉన్నమాట నిజమే బావా, నేనూ చూశాను. ఇద్దరు మోసుకుపోయారు.”

సభ ఘొల్లుమంది. రుఫీనో చెవులు ఎర్రబడ్డాయి. గోడకు ఆనుకున్న మగవాళ్ళలోంచి ఒక గొంతు లేచింది. “నిండు వంతు కావాలంటే దారి ఉందిగా వదినా! ప్రిమితివో తాతను కట్టుకో!”

ప్రిమితివో తాతకు డెబ్భై ఎనిమిదేళ్ళు. పెళ్ళాం పోయి చాలాకాలమైంది. ఆ సమయంలో మూలన కూర్చుని గురక పెడుతున్నాడు.

“తాత దగ్గర మిగిలింది సగమే,” అంది సెవెరీనా. “ఆ సగం కూడా నిద్రపోతోంది. నా అరకు ఇంకో నిద్రపోయే అరను తెచ్చుకుంటే ఏమొస్తుంది?”

నవ్వులు తగ్గాక నిర్ణయం అలాగే నిలిచింది. కార్యదర్శి అబ్దోన్ చేతిరాత ఆ కొండల్లోకెల్లా అందమైనది. రాసింది ఎప్పుడూ కొట్టివేయననేది ఆయన జీవితంలో ఉన్న ఏకైక అహంకారం. దవడలో కోకా ఆకు ఒకవైపు నుంచి మరోవైపుకు మార్చుకుని, తీరిగ్గా రాశాడు.

“ఏం రాశావో చదువు అన్నా,” అంది సెవెరీనా.

“అర సభ్యురాలు సెవెరీనా కాయుపె అభ్యంతరాన్ని విని, తోసిపుచ్చడమైనది.”

“మళ్ళీ చదువు.”

చదివాడు. సెవెరీనా లేచి, పావడా దులుపుకుని, టోపీ పెట్టుకుంది. “సరే. అర అని రాశారు. అందరూ విన్నారు. ఇకమీద అరే.”

అది బెదిరింపు అని ఆ రోజు ఎవరికీ తోచలేదు.

నెలాఖరున వాలు చుట్టూ రాతిగోడ కట్టడానికి ఊరంతా కదిలింది. ఉన్ని కోసం పెంచే అల్పాకాలు హెర్కంపురిని తినవు. చేదు విషయంలో వాటికి మనుషులకంటే తెలివి ఎక్కువ. కానీ గుంపుగా తొక్కుతాయి. అందుకని వాలు తెరిచేముందు గోడ కట్టడం ఆనవాయితీ. తలా నాలుగు బారల పొడవు, ఛాతీ ఎత్తు. సెవెరీనా పొద్దున్నే వచ్చి, రాయి రాయి ఎంచి, వేలు దూరనంత బిగువుగా, చూసినవాళ్ళు మెచ్చుకునేలా నాలుగు బారలు కట్టింది. మోకాలు దాటి కొంచెం పైకి రాగానే చేతులు కడుక్కుని, మూట విప్పుకుని, ఉడికించిన బంగాళాదుంపలు తినడం మొదలుపెట్టింది.

మెలితోన్ వచ్చి గోడ వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. మళ్ళీ గోడ వైపు చూశాడు.

“ఇది ఎప్పుడు పూర్తవుతుంది?”

“అయిపోయింది బావా.”

“మోకాలి దగ్గరే ఉందే!”

“అరమనిషి గోడ అంతే ఉంటుంది. కొలుచుకో. తక్కువైతే చెప్పు, రాయి పెడతాను. ఎక్కువైతే చెప్పు, తీసేస్తాను.”

ఆయన సమాజ శ్రేయస్సు గురించి మాట్లాడాడు. ఆమె రెండో బంగాళాదుంప వలిచింది. మర్నాటికల్లా ఊళ్ళోని అల్పాకాలన్నీ ఆ నాలుగు బారలను కనిపెట్టేశాయి. ఒక్కొక్కటే రాజకుమార్తెలా కాళ్ళెత్తి, గోడ దాటి, నేరుగా అవతల ఉన్న అధ్యక్షుడి వంతులోకి దిగాయి. ఆ రోజునుంచి మెలితోన్ పెద్దకొడుకు అక్కడ కాపలా కూర్చోవాల్సి వచ్చింది. అతను నిండు సభ్యుడు గనుక నిండు కాపలా.

తర్వాతి వారం బడి కప్పు వేసిన రోజున వంట సెవెరీనా వంతు వచ్చింది. గొర్రె తలకాయ వేసిన మొక్కజొన్న చారు. తలకాయ సగం ఉడికింది, గింజలు సగం ఉడికాయి. పళ్ళున్నవాళ్ళు కష్టపడి నమిలారు. ప్రిమితివో తాత గిన్నె ముందు పెట్టుకుని చాలాసేపు ప్రార్థన చేశాడు.

ఆ సాయంత్రం ఫౌస్తా వచ్చింది. ఫౌస్తా పొరుగింటి మనిషి, తనూ అరే. తమ్ముడి పిల్లల్ని పెంచుతూ పెళ్ళి మాట మరిచిపోయిన మనిషి.

“ఒసే, నీకు పిచ్చి పట్టిందంటున్నారే ఊళ్ళో.”

“మొత్తం పట్టిందన్నారా, సగమా?”

“ఎగతాళి కాదే. మెలితోన్ మండిపోతున్నాడు. ఊళ్ళోంచి వెళ్ళగొడతారు నిన్ను.”

“ఏ సగాన్ని? నడుం పైదా, కిందిదా?”

ఫౌస్తాకు నవ్వు ఆగలేదు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించింది. “ఆ దొడ్డి పక్క నీకేం దొరుకుతుందే? నీ ఎనిమిదేళ్ళ మొక్కలు ఆ రుఫీనో ఒక్కరోజులో వేళ్ళతో సహా పీకేస్తాడు. వాడికి వదిలిపెట్టడం తెలీదు.”

సెవెరీనా టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంది.

“అందుకేగా,” అంది. “వాలు తెరవడానికి ఇంకా పది రోజులుంది.”

సాన్ ఇసిద్రో రైతుల దేవుడు. నాగలి, రెండు ప్లాస్టరు ఎడ్లు, గడ్డిటోపీ, అన్నీ పల్లకీ మీదే. ఉత్సవం రోజున ఆయన్ని గుడినుంచి ఊటదాకా మోసుకెళ్ళి నీళ్ళు చూపించి తీసుకురావాలి. పల్లకీకి ముందు ఎడమవైపు మోసే చోటు సెవెరీనా తండ్రిది, ఆయన తర్వాత ఆమెది. భక్తి విషయంలో భుజం భుజమే గనుక అక్కడ ఎవరూ అర చూడలేదు. బాజాలు మోగుతున్నాయి, పూలు చల్లుతున్నారు, అందరూ కొంచెం తాగి ఉన్నారు. సరిగ్గా సగం దారిలో, మెలితోన్ ఇంటి గుమ్మం ఎదుట, సెవెరీనా సిలువ గీసుకుంది. “సామీ, నామీద కోపం పెట్టుకోకు, రాసినవాళ్ళమీద పెట్టుకో” అని పైకే చెప్పి, భుజం తీసేసి పక్కకు తప్పుకుంది.

సాన్ ఇసిద్రో ముందుకు ఒరిగాడు. పదిమంది చేతులడ్డం పెట్టారు గనుక దేవుడు బతికాడు. ఎద్దు ఒకటి కింద పడి కొమ్ము విరిగింది. బాజాలు ఆగిపోయాయి. సెవెరీనా ఇంటికి నడిచిపోయింది.

మర్నాడు అత్యవసర సభ. ఏ సభకూ రాని ముసలమ్మలు కూడా నల్ల శాలువాలు కప్పుకుని ముందువరసలో కూర్చున్నారు. వాళ్ళకు గోడతో పనిలేదు, చారుతో పనిలేదు. కొమ్ముకు న్యాయం జరగాలి.

మెలితోన్ అరగంట మాట్లాడాడు. గోడ, చారు, దేవుడు, ఎద్దు, తాతముత్తాతలు, అన్నీ వచ్చాయి. చివరికి జరిమానా ఒక ఆడగొర్రె అని తేల్చాడు. శాలువాలు తలలూపాయి.

అబ్దోన్ కలం ఎత్తలేదు. “అధ్యక్షా, గొర్రె అని రాయలేను.”

“ఎందుకు రాయలేవు?”

“నిండు సభ్యుడికి నిండు జరిమానా, అర సభ్యుడికి అర. ఇది పాతదే. కిందటేడు కాలవ పనికి రాలేదని ఫౌస్తాకు అరే వేశాం. సగం గొర్రె అని రాయాలి.”

“రాయవయ్యా! సగం గొర్రె!”

అబ్దోన్ రాశాడు. సెవెరీనా లేచి బయటికి వెళ్ళింది. పారిపోతోందని ఎవరో అన్నారు. రెండు నిమిషాల్లో చెవికి ఎర్రఉన్ని కుచ్చు కట్టిన తన గొర్రెను తాడు పట్టుకుని సభ మధ్యకు లాక్కొచ్చింది.

“ఇదిగో. మీ సగం తీసుకోండి.”

“రేపు కోసి, సగం పంపించు,” అన్నాడు మెలితోన్.

“కొయ్యడానికి వీల్లేదు. మీ సగం మీ ఇష్టం, కోసుకోండి, కాల్చుకోండి. నా సగం మాత్రం బతికుండాలి. చూడండి పొట్ట, ఇది చూడిది.”

సభ గొర్రె పొట్ట వైపు చూసింది. ముందువరసలోని ముసలమ్మ ఒకామె చెయ్యి పెట్టి చూసి, నిజమేనని సాక్ష్యం చెప్పింది. గొర్రె అబ్దోన్ బల్ల దగ్గరికి నడిచి, గుడ్డలో విప్పి పెట్టిన కోకా ఆకులు రుచి చూడడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత జరిగిన చర్చ యురక్‌మార్కా చరిత్రలో అత్యంత గంభీరమైనది. ఆరు నెలలు సమాజం దగ్గర, ఆరు నెలలు ఆమె దగ్గర ఉంచవచ్చునని ఒకరన్నారు. అలాగైతే ఉన్ని ఎవరిదని ఇంకొకరడిగారు. ముందుకాళ్ళ సగం తీసుకుంటే మేత ఖర్చు సమాజానిదవుతుందనీ, వెనకకాళ్ళ సగం తీసుకుంటే పిల్ల సమాజానిదవుతుందనీ రుఫీనో మామగారు వివరించాడు. ఆయన వెనకకాళ్ళ పక్షం. జరిమానా పూర్తిగా ఎత్తేద్దామని ఒక మెత్తని మనిషి అన్నాడు. శాలువాలు ఒక్కసారిగా లేచాయి.

“ఎత్తేస్తావా? సాన్ ఇసిద్రో ఎద్దుకు కొమ్ము మీ అమ్మ పెడుతుందా?”

ఆ మెత్తని మనిషి వెనకవరసకు జరిగాడు.

మెలితోన్ మెడపట్టీ ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. “సెవెరీనా, తల్లీ, ఈ గొడవెందుకు? మొత్తం గొర్రె ఇచ్చెయ్యి. అయిపోతుంది.”

“ఇస్తాను బావా. సంతోషంగా ఇస్తాను. నిండు జరిమానా అని రాయించు.”

“రాయి అబ్దోన్!”

అబ్దోన్ గొర్రె నోట్లోంచి గుడ్డ చివర లాక్కుని, కలం పక్కన పెట్టాడు. “అధ్యక్షా, నిండు జరిమానా నిండు సభ్యులకే పడుతుంది. ఈమె పేరు పక్కన అది రాస్తే ఈమె నిండు సభ్యురాలని రాసినట్టే. తర్వాత కొట్టెయ్యమంటే నేను కొట్టెయ్యను.”

గొర్రె ఇంకో కోకా ఆకు అందుకుంది.

సెవెరీనా తాడు చేతికి చుట్టుకుంది. ఈసారి ఆమె గొంతు రెండు వీధులు దాటలేదు, ముందువరస దాటిందో లేదో. “ఇరవై ఆరేళ్ళు మీ కాలవలు తవ్వాను. ఏ రోజూ సగం తవ్వి రాలేదు. గోడలు కట్టాను, మీ పెళ్ళాల పురుళ్ళకు నీళ్ళు కాచాను, మీ శవాల్ని మోశాను. శవాన్ని సగం దారిలో దించి ఇంటికెళ్ళానా ఎప్పుడైనా? ఒక్క నెల మీరు రాసినట్టు బతికి చూపించాను. మీరే తట్టుకోలేకపోయారు. దేవుడు కూడా తట్టుకోలేకపోయాడు. ఇప్పుడు చెప్పండి. ఈ గొర్రె నా ఏడింట్లో మంచిది. సగంగా తీసుకుంటే ఇవ్వను. నిండుగా తీసుకుంటే మీదే.”

నల్ల శాలువాల్లో అందరికంటే పెద్దామె కర్ర నేలకేసి కొట్టింది. ఆమె మొగుడు పోయి ముప్ఫయ్యేళ్ళయింది, ఆ ముప్ఫయ్యేళ్ళూ అతని పేరు మీదే నిండు మనిషిగా చెలామణీ అయింది. “తీసుకోండయ్యా ఆ గొర్రెను! కొమ్ము పగలగొట్టడానికి నిండు మనిషే కావాలి. సగం మనిషివల్ల అవుతుందా అది?”

మెలితోన్ సరే రాయమన్నట్టు చెయ్యి ఊపాడు. అబ్దోన్ తన జీవితంలోకెల్లా అందమైన అక్షరాలతో రాశాడు: సభ్యురాలు సెవెరీనా కాయుపె రిమాక్ నుంచి నిండు జరిమానా కింద ఒక ఆడగొర్రె ముట్టినది. ఆమె రెండుసార్లు చదివించుకుంది. రెండు ఇంటిపేర్లతో, కాగితం అంచుదాకా సంతకం పెట్టింది. తర్వాత గొర్రె చెవి కుచ్చు సర్ది, దాని నుదుటి మీద ఒకసారి చెయ్యి వేసి, తాడు మెలితోన్ చేతికిచ్చింది. గుమ్మందాకా వెనక్కి చూడలేదు.

యురక్‌మార్కాలో ఆ సాయంత్రం ఎవరికీ పెళ్ళి కాకుండానే సభ్యుల లెక్క అర పెరిగి అరవై ఏడయింది. లామాల దారి పక్కన వంతు ఎవరూ కదపకుండా సెవెరీనాకే ఉండిపోయింది. దాన్ని ఆనుకున్న మరో అర కూడా వచ్చి కలిసింది. రుఫీనోకు పాత దొడ్డి దక్కింది.

“నాకు దురదగొండా, అత్తా?” అన్నాడు అతను ఏడుపు మొహంతో, వీధిలో ఎదురై.

“నిండు మనిషివి కదరా. పెంచుకో. అరమనిషిని కాబట్టి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది. నీకు నాలుగు చాలు. గింజలు కావాలంటే నేనిస్తాను, మూడింట ఒకటి వదులుతానని ఒట్టు పెట్టు.”

మర్నాడు తెల్లవారుతూనే మెలితోన్ తలుపు తట్టారు. ఆయన దుప్పటి కప్పుకునే తీశాడు. బయట మంచు ఇంకా కరగలేదు. ఫౌస్తా, ఆమె పక్కన ఊళ్ళో మిగిలిన మరో ముగ్గురు అరమనుషులు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో తాడు, తాడు చివర ఒక్కో గొర్రె.

“ఏమిటిది?” అన్నాడు మెలితోన్. “ఏం తప్పు చేశారు మీరు?”

“ఇంకా చెయ్యలేదు అధ్యక్షా,” అంది ఫౌస్తా వినయంగా. “ఏది చేస్తే నిండు జరిమానా పడుతుందో నువ్వే చెప్పాలి. గోడ పడగొట్టమంటే గోడ, బాజా పగలగొట్టమంటే బాజా. సాయంత్రంలోగా చేసేస్తాం. రేపు వంతులు కొలవడానికి తాడు వేస్తారు కదా.”

మెలితోన్ గొర్రెల వైపు చూశాడు. తర్వాత వాళ్ళ తలల మీదుగా అవతలికి చూశాడు. సెవెరీనా గొర్రె లేకుండా, చేతులు కట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

“నువ్వెందుకు వచ్చావు? నీది తేలిపోయిందిగా!”

“నేను వాళ్ళతో రాలేదు బావా,” అంది సెవెరీనా. “సాక్ష్యానికి నిండు సభ్యులు ఒకరు ఉండాలిగా. ఉన్నాను. కానివ్వండి.”